దేవుడు చేసి ఇచ్చిన స్వేచ్ఛ స్వేచ్ఛేనా?

పూజకు కూర్చున్నవాళ్లు ఆచమనం చేస్తూ కేశవ నామాలు చదువుతారు. మొదటి మూడు పేర్లకు ఉద్ధరిణెతో నీళ్లు పుచ్చుకుంటారు, మిగతావి ముక్కు, కళ్లు, చెవులు తాకుతూ గబగబా కానిచ్చేస్తారు. ఆ వరుసలో దామోదరుడి తర్వాత నాలుగు పేర్లు పక్కపక్కనే వస్తాయి: సంకర్షణ, వాసుదేవ, ప్రద్యుమ్న, అనిరుద్ధ. రోజూ చదివేవాళ్లలో కూడా చాలామందికి ఇవి విష్ణువు పేర్లలో ఒక నాలుగు, అంతే. కానీ ఒకప్పుడు ఈ నాలుగు పేర్ల మీద పెద్ద తగాదా నడిచింది. జీవుణ్ణి దేవుడు పుట్టించాడా? మనసును కూడా ఆయనే తయారుచేశాడా? చేసి ఉంటే, ఆ మనసుతో జీవుడు చేసే పనులకు పూచీ ఎవరిది? తగాదా దీని గురించే.

దక్షిణాది విష్ణ్వాలయాల్లో పూజలు రెండు ఆగమాల ప్రకారం జరుగుతాయి. తిరుమలలో వైఖానసం, శ్రీరంగంలో పాంచరాత్రం. పాంచరాత్రం పై నలుగురినీ వ్యూహాలు అంటుంది. పరమాత్మ అయిన వాసుదేవుడి నుంచి సంకర్షణుడు, ఆయన నుంచి ప్రద్యుమ్నుడు, ఆయన నుంచి అనిరుద్ధుడు. శంకరాచార్యులు దీన్ని సంకర్షణుడంటే జీవుడు, ప్రద్యుమ్నుడంటే మనసు, అనిరుద్ధుడంటే అహంకారం అని తీసుకున్నారు. అలా తీసుకుంటే దేవుడి నుంచి జీవుడు, జీవుడి నుంచి మనసు, మనసు నుంచి ‘నేను’ అనే భావం పుట్టినట్టు. బ్రహ్మసూత్రాల రెండో అధ్యాయం రెండో పాదం చివర ‘ఉత్పత్త్యసంభవాత్’ అనే సూత్రం ఉంది. పుట్టడం కుదరదు కాబట్టి, అని దాని అర్థం. శంకరులు ఈ సిద్ధాంతాన్ని అక్కడ పట్టుకున్నారు.

ఎందుకు కుదరదు? పుట్టినదానికి పోవడం తప్పదు. జీవుడు పుట్టినవాడైతే ఏదో ఒక రోజు లేకుండా పోతాడు. అలాంటప్పుడు మోక్షం ఎవరికి? దేవుణ్ణి చేరుకోవాలని సాధన చేసినవాడే చివరికి మిగలకపోతే ఆ శాస్త్రమంతా దేనికి? తర్వాతి సూత్రం దగ్గర ఇచ్చిన ఉదాహరణ ఇంకా సూటిగా ఉంటుంది. దేవదత్తుడి చేతిలో గొడ్డలి ఉంటుంది. ఆ గొడ్డలి దేవదత్తుడిలోంచి పుట్టుకురావడం లోకంలో ఎవరూ చూడలేదు. జీవుడు పనివాడు, మనసు పనిముట్టు. పనివాడిలోంచి పనిముట్టు ఎలా పుడుతుంది?

రామానుజాచార్యులు పాంచరాత్రం తరఫున నిలబడ్డారు. ఆయన నిలబడ్డ తీరు మాత్రం గమనించాలి. ‘జీవుడు పుడితే ఏం, తప్పేముంది’ అనలేదు. పాంచరాత్రం ఆ మాటే అనలేదు పొమ్మన్నారు. సంకర్షణుడు మొదలైనవాళ్లు పరమాత్మ తన ఇష్టంతో తీసుకున్న రూపాలని, జీవుడికీ మనసుకూ అహంకారానికీ పైన అధిపతులుగా ఉంటారు కాబట్టి వాళ్లను ఆ పేర్లతో చెప్పారని, జీవుడికి పుట్టుక లేదన్నది ఆ ఆగమానికీ ఒప్పుదలేనని వాదించారు. అంటే ఇంత తగాదాలోనూ ఇరువైపులవాళ్లూ ఒప్పుకున్న మాట ఒకటుంది. జీవుణ్ణి దేవుడు చేయలేదు.

మన రోజువారీ మాటలకు ఇది బొత్తిగా పడని సంగతి. ‘నారు పోసినవాడు నీరు పోయడా’ అంటాం. పుట్టించినవాడే చూసుకుంటాడంటాం. ‘శివుని ఆజ్ఞ లేనిదే చీమైనా కుట్టదు’ అనీ అంటాం. ఆ చీమ కుడితే మాత్రం శివుణ్ణి వదిలేసి చీమనే నలిపేస్తాం. సామెత చెప్పిన నోటితోనే చీమను తిట్టే ఈ పద్ధతి వెనక ఉన్న చిక్కు చిన్నది కాదు. ఒకరు పూర్తిగా తయారుచేసిన వస్తువు తనంతట తానుగా ఏదైనా చేయగలదా అన్నది ఆ చిక్కు.

మనసు మాత్రం తయారైందే

ఇంగ్లిష్ చదువుల అలవాటులో మనసు, ఆత్మ రెండూ దాదాపు ఒకటే అనుకుని ఈ ప్రశ్న అడుగుతుంటారు. ఉపనిషత్తులు వాటిని విడదీశాయి. కఠోపనిషత్తు ఆత్మ గురించి ‘న జాయతే మ్రియతే వా’ అంటుంది, అది పుట్టదు, చావదు అని. ముండకోపనిషత్తు మనసు గురించి ‘ఏతస్మాజ్జాయతే ప్రాణో మనః సర్వేంద్రియాణి చ’ అంటుంది. ప్రాణం, మనసు, ఇంద్రియాలు అన్నీ ఆయన నుంచే పుడుతున్నాయని. ఆత్మ చేసింది కాదు, మనసు చేసిందే.

మనసు ఎంత మామూలు సరుకుతో తయారైందో ఛాందోగ్యోపనిషత్తులో ఉద్దాలకుడు కొడుకు శ్వేతకేతువుకు చూపించిన తీరు బాగుంటుంది. తిన్న అన్నంలో ముతక భాగం మలం అవుతుంది, మధ్య భాగం మాంసం అవుతుంది, బాగా సన్ననిది మనసు అవుతుంది అన్నాడు తండ్రి. కొడుక్కి ఎక్కలేదు. అయితే పదిహేను రోజులు తిండి మానెయ్, నీళ్లు మాత్రం ఎంత కావాలంటే అంత తాగు అన్నాడు. పదహారో రోజున కొడుకు వచ్చి కూర్చుంటే, ఋక్కులు, యజుస్సులు, సామాలు చెప్పమన్నాడు. పన్నెండేళ్లు గురుకులంలో ఉండి అన్ని వేదాలూ చదివి, నా అంతవాడు లేడని ఇంటికొచ్చిన కుర్రాడు ‘నాన్నగారూ, అవేవీ నాకు తోచడం లేదు’ అన్నాడు. వెళ్లి తినిరా, అప్పుడు తెలుస్తుంది అన్నాడు తండ్రి. తిని వచ్చాక అడిగినవన్నీ గడగడా చెప్పేశాడు. పెద్ద మంటలో చివరికి మిణుగురు పురుగంత నిప్పుకణం మిగిలితే, దాని మీద గడ్డి వేసి మళ్లీ రాజేసినట్టు అని ఉపమానం. వాదన కంటే ఇలా ఆకలితో ఒప్పించడం మన తత్త్వగ్రంథాల్లో అరుదు.

అందరూ ఇలాగే అనుకోలేదు. తర్కశాస్త్రం మొదలుపెట్టే పిల్లలందరి చేతిలో మొదట పెట్టే తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు తెలుగువాడు. కాశీకి వెళ్లినంత మాత్రాన ప్రతి బ్రాహ్మణుడూ అన్నంభట్టు కాలేడని సంస్కృతంలో సామెతే ఉంది. ఆయన లెక్కలో మనసు పరమాణువంత ఉంటుంది, నిత్యమైనది, ఒక్కో ఆత్మకు ఒక్కోటి చొప్పున ఉంటుంది. పరమాణువులు, ఆత్మలు, మనసులు అన్నీ ఎప్పుడూ ఉన్నవే. న్యాయ వైశేషికాలు అనే ఈ తర్కశాస్త్రాల దేవుడు కుమ్మరి లాంటివాడు. మట్టిని ఆయన చేయలేదు, కుండను చేశాడు.

సరే, ఉపనిషత్తుల మాట ప్రకారం మనసు తయారైంది, ఆత్మ తయారు కాలేదు అనుకుందాం. మరి ‘ఇది చేస్తాను, అది చేయను’ అని ఎంచుకునేది ఈ రెండింటిలో ఏది? అసలు చిక్కు ఇక్కడ మొదలవుతుంది. బ్రహ్మసూత్రాల్లో దీనికి ఒక వడ్రంగి వస్తాడు. ‘యథా చ తక్షోభయథా’ అన్న సూత్రానికి శంకరులు చెప్పింది ఇది. వడ్రంగి చేతిలో బాడిస ఉన్నంతసేపూ పనివాడే, కష్టపడుతూనే ఉంటాడు. ఇంటికొచ్చి బాడిస పక్కన పెట్టాక హాయిగా, ఏ పనీ లేకుండా కూర్చుంటాడు. ఆత్మ కూడా అంతే. మనసూ బుద్ధీ అనే పనిముట్లు చేతిలో ఉన్నప్పుడు కర్త. అవి లేనప్పుడు కాదు.

ఉపమానం అందంగా ఉంది కానీ అది ఎక్కడికి తీసుకెళుతుందో చూడాలి. కర్తృత్వం పనిముట్టుతో వచ్చేదైతే, ఆ పనిముట్టు తయారైన వస్తువైతే, మనం స్వేచ్ఛ అంటున్నది కూడా తయారైనదే అవుతుంది. అద్వైతం ఈ మాటకు భయపడదు. కర్తృత్వమే అజ్ఞానం వల్ల అంటుకున్నదంటుంది. స్వేచ్ఛను కాపాడాలన్న టెన్షన్ ఆ మతానికి లేదు, దాన్నుంచి కూడా బయటపడమనే అది చెబుతుంది.

చేసిన మనసు అన్నమాట ఈ రోజుల్లో ఇంకో రకంగా ముందుకొచ్చింది. యంత్రాలు ఆలోచించగలవా అని 1950లో వ్యాసం రాసిన అలన్ ట్యూరింగ్, అందులో మతం వైపు నుంచి వచ్చే అభ్యంతరాన్ని కూడా ఎత్తుకున్నాడు. ఆలోచన ఆత్మ చేసే పని, దేవుడు ఆత్మను మనుషులకే ఇచ్చాడు, అందుకే యంత్రం ఆలోచించలేదన్నది ఆ అభ్యంతరం. అలాంటి యంత్రాన్ని చేయడం దేవుడి పని లాక్కోవడం కాదన్నాడు ట్యూరింగ్. పిల్లల్ని కన్నప్పుడు మాత్రం మనం ఆత్మల్ని చేస్తున్నామా, ఆయన చేసే ఆత్మలకు ఇళ్లు కట్టి ఇస్తున్నాం, యంత్రమైనా అంతే అన్నాడు. మత వాదనల మీద తనకు పెద్ద గురి లేదంటూనే చెప్పిన జవాబు అది. తెలిసి అన్నా తెలియక అన్నా, ఇల్లు వేరు, ఉండేవాడు వేరు అన్న ముండక, కఠోపనిషత్తుల పంపకం ఆ జవాబులో ఉంది.

అట

కర్తృత్వం ఎక్కడున్నా, దాన్ని నడిపేది ఎవరన్న ప్రశ్న మిగిలే ఉంది. బ్రహ్మసూత్రాలు దీనికి మొహమాటం లేకుండా ‘పరాత్తు తచ్ఛ్రుతేః’ అని జవాబిస్తాయి. జీవుడి కర్తృత్వం పరమాత్మ నుంచే వస్తుంది, శ్రుతి అలా చెబుతోంది కాబట్టి అని. ఇక్కడ వెంటనే ఒక కోపం రావాలి, వచ్చింది కూడా. ఎవణ్ణి పైకి తీసుకెళ్లాలనుకుంటాడో వాడి చేత మంచి పని, ఎవణ్ణి కిందికి తోయాలనుకుంటాడో వాడి చేత చెడ్డ పని ఆయనే చేయిస్తాడని కౌషీతకి ఉపనిషత్తు అంటుంది. అలాంటి దేవుడు పక్షపాతి కాదా, దయలేనివాడు కాదా?

తర్వాతి సూత్రం ‘కృతప్రయత్నాపేక్షస్తు’ అని సర్దుతుంది. జీవుడు చేసిన ప్రయత్నాన్ని బట్టే దేవుడు నడిపిస్తాడు, లేకపోతే ఇది చెయ్, అది చేయకు అని శాస్త్రం చెప్పడమే దండగ. శంకరులు దీనికి వాన ఉదాహరణ ఇస్తారు. వాన అన్ని పొలాల మీదా ఒకేలా పడుతుంది. ఒక చోట వడ్లు, ఒక చోట యవలు పండితే ఆ తేడా విత్తనానిది. వాన లేకపోతే ఏదీ మొలవదు. కానీ ఏది మొలవాలో వాన చెప్పదు.

గీత పద్దెనిమిదో అధ్యాయంలో ఈ రెండు మాటలూ రెండే రెండు శ్లోకాల దూరంలో ఉన్నాయి. 61వ శ్లోకంలో ఈశ్వరుడు అందరి గుండెల్లో కూర్చుని, యంత్రం మీద ఎక్కించినవాళ్లను తిప్పినట్టు మాయతో తిప్పుతున్నాడు. ఇక్కడ శంకరులు చెక్కబొమ్మలను గుర్తుచేస్తారు. 63వ శ్లోకంలో అదే కృష్ణుడు ‘ఇదంతా బాగా ఆలోచించుకుని నీకెలా ఇష్టమైతే అలా చెయ్’ అంటాడు, ‘యథేచ్ఛసి తథా కురు’ అని. చెక్కబొమ్మతో ఎవరైనా ఆలోచించుకోమని అంటారా? వ్యాఖ్యాతలు ఈ రెంటికీ పొత్తు కుదర్చడానికి చాలా శ్రమపడ్డారు. కుదర్చకుండా వదిలేసినా బాగుండేదేమో. యుద్ధభూమిలో నిలబడ్డ మనిషికి ఆ రెండు మాటలూ అవసరమే.

తెలుగులో ఈ చిక్కు వ్యాకరణంలోనే ఉంది. చేయు, చేయించు. పలుకు, పలికించు. ఒక్క ‘ఇంచు’ చేర్చితే వెనక ఇంకొకరు వచ్చి నిలబడతారు. పోతన ఈ ప్రత్యయాన్ని ఎంత జాగ్రత్తగా వాడాడో భాగవతం మొదట్లోని పద్యంలో కనిపిస్తుంది. అందరికీ నోటికొచ్చిన పద్యమే. ‘పలికెడిది భాగవతమట, పలికించెడివాడు రామభద్రుండట, నే పలికిన భవహరమగునట, పలికెద, వేరొండు గాథ పలుకగ నేలా.’ దీన్ని సాధారణంగా వినయానికి ఉదాహరణగా చెబుతారు. వినయం సరే, అందులోని ‘అట’ను చూడండి. పలికించేవాడు రాముడట. పలికితే పుట్టుకల బంధం పోతుందట. మూడుసార్లు ‘అట’. నాలుగో మాటకు వచ్చేసరికి ‘అట’ లేదు. పలికెద. పలుకుతాను. పలికించేవాడి సంగతి విన్నది, పలకడం మాత్రం తనది. ఆ వెంటనే వేరే కథ ఎందుకని ఎంపిక కూడా చేసుకుంటున్నాడు.

బ్రహ్మసూత్రంలోని ‘శ్రుతేః’ అన్న మాటకు కూడా మూలార్థం వినడమే. పరమాత్మ నుంచే, అలా వింటున్నాం కాబట్టి అని. సూత్రకారుడి ‘శ్రుతేః’నీ పోతన ‘అట’నీ పక్కపక్కన పెడితే రెండూ ఒకే పని చేస్తున్నాయి. చేయించేవాడు ఉన్నాడన్నది మనకు పెద్దల ద్వారా చేరిన వార్త. చేస్తున్నామన్నది ఎవరూ చెప్పనక్కర్లేని అనుభవం. మొదటిది ఎంత గట్టిగా నమ్మినా రెండోది చెరిగిపోదు.

దీనికి సిద్ధాంతం చెప్పినవాళ్లలో రామానుజులు ఇచ్చిన ఉదాహరణ ఆస్తి తగాదాలు తెలిసినవాళ్లకు వెంటనే అర్థమవుతుంది. ఇద్దరికి ఉమ్మడిగా ఆస్తి ఉంది. అందులో ఒకడు దాన్ని మూడో మనిషికి ఇవ్వాలనుకున్నాడు. రెండోవాడు ఒప్పుకోకపోతే అది జరగదు. ఒప్పుకున్నాడు. అయినా ఇచ్చింది మొదటివాడే, ఆ ఫలం కూడా అతనికే చెందుతుంది. అన్నదమ్ముల ఉమ్మడి పొలం రిజిస్ట్రేషన్‌కు పెట్టినట్టు అనుకోవచ్చు. అన్న అమ్మాలనుకున్నాడు, బేరం కుదుర్చుకున్నాడు, తమ్ముడు సైన్ పెట్టాడు. తమ్ముడి సైన్ లేనిదే కాగితం చెల్లదు. కానీ అమ్మాలన్నది తమ్ముడి ఆలోచన కాదు. రామానుజుల మతంలో జీవుడు మొదట పూనుకుంటాడు, లోపలున్న అంతర్యామి అనుమతి ఇచ్చి నడిపిస్తాడు.

ఇంత చక్కటి ఉపమానంలోనూ అతుకు ఉంది. పొలంలో తమ్ముడికి వాటా ఉన్నట్టే అన్నకూ సొంత వాటా ఉంది. జీవుడి వాటా ఎక్కడిది? పూనుకోవడానికి కావలసిన శక్తిని కూడా భగవంతుడే ఇచ్చాడని రామానుజులే అంటారు. వాటా కూడా తమ్ముడు ఇచ్చిందే అయితే అది ఉమ్మడి ఆస్తి కాదు, దానం. ఇంకొక సంగతి. బేరం పాడు బేరమని తెలిసీ, ఆపగలిగి ఉండీ సైన్ పెట్టిన తమ్ముణ్ణి ఊళ్లో ఎవరూ పూర్తిగా అమాయకుడనరు.

అనాది ఖరీదు

ఇలాంటి ప్రశ్నలు తరుముతూ వచ్చినప్పుడు వేదాంతులు వెళ్లి నిలబడే చోటు ఒకటే. అనాది. ఇప్పటి బుద్ధి వెనకటి కర్మ వల్ల వచ్చింది, ఆ కర్మ అంతకు ముందరి బుద్ధి వల్ల. విత్తు ముందా చెట్టు ముందా అన్నట్టు ఇది వెనక్కి పోతూనే ఉంటుంది. సృష్టికి ముందు కర్మ ఎక్కడిది అన్న ప్రశ్నకు బ్రహ్మసూత్రాలే ‘అనాదిత్వాత్’ అని జవాబిచ్చాయి.

దీన్ని తప్పించుకునే ఎత్తుగడ అని కొట్టిపారేయడం తేలిక. అది అంతకంటే గట్టి మాటే. దేవుడు ఖాళీ పలక లాంటి జీవుణ్ణి ముందు పెట్టుకుని, వీడికి ఏ స్వభావం రాద్దామా అని ఆలోచించిన క్షణం ఎప్పుడూ లేదని దాని తాత్పర్యం. తలరాత అని మనం అనుకునే ఆ రాత రాసిన రోజు ఏదీ లేదు. దీనివల్ల దేవుడి మీద పక్షపాత దోషం పోతుంది. మధ్వాచార్యులు దీన్ని ఇంకా దూరం తీసుకెళ్లి, జీవుల స్వభావాలే అనాదిగా వేరువేరు, కొందరు మోక్షానికి తగినవాళ్లు, కొందరు కారు అన్నారు. వినడానికి కఠినంగా ఉన్నా లెక్క మాత్రం అదే.

ఖరీదు కూడా ఉంది. దేవుడు చేయనివి లోకంలో కొన్ని మిగిలిపోయాయి. జీవులు, వాళ్ల కర్మ, వాళ్ల వాసనలు అంటే వెనకటి జన్మల సంస్కారాలు ఆయన చేసినవి కావు, ఆయనకు ముందునుంచీ ఉన్నవి. అలా అయితే ఈ కుమ్మరి దేనికి, మట్టి తన పని తాను చేసుకోదా అని జైనులు, మీమాంసకులు అడిగారు. కర్మే ఫలం ఇస్తుంటే మధ్యలో దేవుడెందుకు? మనవాళ్లలో దేవుణ్ణి గట్టిగా కాదన్నవాళ్లలో వేదాన్ని అక్షరం పొల్లుపోకుండా నమ్మిన మీమాంసకులు ఉండటం వెనక ఈ లెక్కే ఉంది.

అన్నట్టు సృష్టి అన్న మాటకు మూలమైన ధాతువు సృజ్. ధాతుపాఠంలో దాని అర్థం ‘విసర్గే’ అని ఉంటుంది. వదలడం, విడిచిపెట్టడం. సాలెపురుగు తనలోంచి దారం వదిలినట్టు, నిప్పులోంచి రవ్వలు ఎగిరినట్టు అని ముండకోపనిషత్తు చెప్పిన పోలికలకు ఈ ధాతువే సరిపోతుంది. చేతిలో పట్టుకుని చెక్కడం వేరు, చేతిలోంచి వదిలేయడం వేరు. స్వేచ్ఛను చెక్కలేరు కానీ వదలగలరేమో. మాట పుట్టుకను పట్టుకుని తత్త్వం నిరూపించకూడదు కాబట్టి దీన్ని ఇంతటితో ఆపాలి.

ఏమీ లేని చోటు నుంచి

యూదు, క్రైస్తవ, ఇస్లాం మతాలు ఈ ఖరీదు చెల్లించడానికి ఒప్పుకోలేదు. అక్కడ దేవుడు మట్టిని కూడా చేసినవాడు. తెలుగు బైబిల్ ఆదికాండంలో నేలమంటితో నరుణ్ణి నిర్మించి, ముక్కు రంధ్రాల్లో జీవవాయువు ఊదితే ‘నరుడు జీవాత్మ ఆయెను’ అని ఉంటుంది. ఆత్మలు శరీరాల కంటే ముందే ఉన్నాయని 3వ శతాబ్దంలో ఓరిజెన్ అనే క్రైస్తవ పండితుడు అన్నాడు. అది మన అనాదికి కాస్త దగ్గరగా వచ్చే మాట. 6వ శతాబ్దంలో దాన్ని తప్పుడు బోధగా ఖండించారు. స్వేచ్ఛ గురించి అంత రాసిన క్రైస్తవ గురువు అగస్టీన్, ఆత్మ తల్లిదండ్రుల నుంచి దిగివస్తుందా, దేవుడు ప్రతిసారీ కొత్తగా చేస్తాడా అన్నది చివరిదాకా తేల్చుకోలేకపోయాడు. క్యాథలిక్ చర్చి తర్వాత రెండో వైపు నిలబడింది. ప్రతి ఆత్మనూ దేవుడే నేరుగా సృష్టిస్తాడు.

కుమ్మరి ఇక్కడా ఉన్నాడు. రోమా పత్రికలో పౌలు, నన్నెందుకు ఇలా చేశావని మట్టి కుమ్మరిని అడుగుతుందా అంటాడు. నైయాయికుల కుమ్మరికి మట్టి ముందే ఉంది కాబట్టి కుండలో లోపం ఉంటే మట్టిదని చెప్పే వీలుంది. పౌలు కుమ్మరికి ఆ వీలు లేదు, అందుకే ప్రశ్ననే అడగవద్దన్నాడు. మరి అదే మతంలో రోజూ చెప్పే ప్రార్థనలో ‘నీ చిత్తము పరలోకమందు నెరవేరుచున్నట్లు భూమియందును నెరవేరును గాక’ అని ఉంది. నెరవేరాలని కోరుకుంటున్నారంటే, నెరవేరకుండా ఉండటానికి భూమ్మీద ఏదో ఒకటి అడ్డం ఉందన్నమాట. తెలుగులో ‘చిత్తం’ అన్న మాట జమీందారు ముందు నౌకరు చెప్పే జవాబు కూడా. ఇంకొకరి చిత్తానికి తలవంచడానికి కూడా తనదంటూ ఒక చిత్తం ఉండాలి.

ఇస్లాంలో ఈ వాదం కథగా నిలిచింది. ముతజిలా పండితులు మనిషి తన పనులకు తానే కర్త, దేవుడు ఎప్పుడూ అతని మేలే చూస్తాడు అనేవాళ్లు. 10వ శతాబ్దపు అష్అరీ తన గురువు జుబ్బాయీని ముగ్గురు అన్నదమ్ముల గురించి అడిగాడని చెబుతారు. ఒకడు మంచివాడై చనిపోయాడు, ఒకడు చెడ్డవాడై, ఒకడు చిన్నపిల్లవాడిగా. పిల్లవాడు దేవుణ్ణి, నన్ను పెరగనిచ్చి ఉంటే మంచి పనులు చేసి ఎక్కువ ఫలం పొందేవాణ్ణి కదా అంటాడు. పెరిగితే చెడిపోతావని తెలిసి నీ మేలు కోసమే ముందే తీసుకెళ్లానని దేవుడి జవాబు. అప్పుడు నరకంలోంచి రెండోవాడు, మరి నన్నెందుకు చిన్నప్పుడే తీసుకెళ్లలేదని అరుస్తాడు. గురువు దగ్గర జవాబు లేదట. అష్అరీ బయటికొచ్చి, పనులను కూడా దేవుడే సృష్టిస్తాడు, మనిషి వాటిని ‘ఆర్జిస్తాడు’ అన్న సిద్ధాంతం చెప్పాడు. ‘మిమ్మల్నీ, మీరు చేసేవాటినీ సృష్టించింది దేవుడే’ అన్న ఖురాన్ వాక్యం దానికి ఆధారం. సృష్టించడానికీ ఆర్జించడానికీ తేడా ఏమిటో చెప్పడం ఎంత కష్టమంటే, అతి సూక్ష్మమైనదాన్ని ‘అష్అరీ ఆర్జన కంటే సన్ననిది’ అనడం అరబ్బీలో నానుడి అయింది.

1955లో జె.ఎల్. మాకీ అనే తత్త్వవేత్త ఇదే ప్రశ్నను దేవుడి వైపుకు తిప్పాడు. స్వేచ్ఛగా మంచిని ఒకసారి ఎంచుకోవడం సాధ్యమైతే, ప్రతిసారీ అలాగే ఎంచుకోవడం కూడా సాధ్యమే. అలాంటి మనుషుల్నే సర్వశక్తుడు ఎందుకు చేయలేదు? 1970ల్లో ఆల్విన్ ప్లాంటింగా దీనికి చెప్పిన జవాబు సారాంశం ఇది. ఎంచుకునేవాణ్ణి దేవుడు చేయగలడు, ఆ ఎంపికను చేయలేడు, చేస్తే అది ఎంపిక కాదు. ఎంపిక ఎటు పోతుందన్నది దేవుడి చేతిలో లేని విషయం. ఇంత దూరం వచ్చాక చూస్తే, అన్నిటినీ దేవుడే చేశాడన్న మతంలోనూ దేవుడు చేయనిది ఒకటి పెరటి గుమ్మంలోంచి లోపలికి వచ్చి కూర్చుంది. వేదాంతి దాన్ని ముందువాకిట్లోనే కూర్చోబెట్టి అనాది అని పేరు పెట్టాడు. అలా ఒకదాన్ని మిగల్చకుండా స్వేచ్ఛను నిలబెట్టినవాళ్లు ఈ తగాదాల్లో ఎక్కడా కనబడరు. ఏదీ మిగల్చనివాళ్లు ఉన్నారు. వాళ్లు పూచీ ఎవరిదన్న దగ్గర తడబడ్డారు, అష్అరీలాగే.

ఈ పెరటి గుమ్మం కోసం క్యాథలిక్ చర్చిలో జరిగిన పోట్లాట చెప్పుకోదగ్గది. దేవుడు ప్రతి వస్తువునూ దాని స్వభావం చెడకుండా కదుపుతాడు, మనసును కదిపినప్పుడు అది స్వేచ్ఛగానే కదులుతుంది అని 13వ శతాబ్దంలో థామస్ అక్వినాస్ అన్నాడు. దాన్ని పట్టుకుని డొమినికన్ అనే సన్యాసుల సంఘానికి చెందిన పండితుడు బాన్యెస్, దేవుడి ప్రేరణ ముందు, మనిషి నిర్ణయం తర్వాత అన్నాడు. అలా అయితే స్వేచ్ఛ ఎక్కడుందని జెస్యూట్ అనే ఇంకో సంఘం పండితుడు లూయిస్ డి మోలినా 1588లో లిస్బన్‌లో పుస్తకం వేశాడు. ఏ పరిస్థితిలో పెడితే ఎవరు ఏం చేస్తారో దేవుడికి ముందే తెలుసు, అది చూసుకుని ఏ లోకాన్ని చేయాలో ఎంచుకుంటాడు, కానీ ఎవరు ఏం చేస్తారన్న ఆ సంగతిని మాత్రం ఆయన నిర్ణయించడు అన్నది మోలినా మాట. రెండు వర్గాలూ ఒకరినొకరు మతభ్రష్టులనుకునేదాకా వచ్చింది. పోప్ 8వ క్లెమెంట్ రోమ్‌లో విచారణ సంఘం వేశారు. ఏళ్ల తరబడి వాదనలు విని, తేల్చకుండానే 1605లో ఆయన చనిపోయారు. 1607లో పోప్ 5వ పాల్, ఒకరినొకరు మతభ్రష్టులని తిట్టుకోవద్దని ఇరువైపులవాళ్లకూ చెప్పి ఇళ్లకు పంపేశారు. తీర్పు తగిన సమయంలో వెలువడుతుందన్నారు. ఆ తీర్పు ఇంకా రాలేదు.